విజయవాడ దారిలో కారుకి ఛార్జింగ్: మొదటిసారి పబ్లిక్ స్టేషన్‌కి వెళ్లేవాళ్ల కోసం

ఎలక్ట్రిక్ కారు కొన్న కొత్తలో ఎవరికీ ఇబ్బంది ఉండదు. రాత్రి ఇంట్లో సాకెట్‌కి తగిలించి పడుకుంటే తెల్లారేసరికి బ్యాటరీ నిండి ఉంటుంది. ఆఫీసుకి, బడికి, కూరగాయలకి అది చాలు. సంక్రాంతికి ఊరెళ్దామని ఇంట్లోవాళ్లు అన్న రోజున గుబులు మొదలవుతుంది. "దారిలో ఆగిపోతే?" అంటారు మామగారు. "అక్కడ మెషీన్ పనిచేయకపోతే?" అని బావమరిది అందుకుంటాడు. ఇద్దరివీ పెట్రోలు కార్లే.

అయినా వాళ్ల ప్రశ్నలు తీసిపారేసేవి కావు. బంకులో అయితే మనిషి వచ్చి పెట్రోలు పోసి, డబ్బులు తీసుకుని పంపేస్తాడు. ఛార్జింగ్ స్టేషన్‌లో చాలాచోట్ల మనిషే ఉండడు. మెషీన్, కారు, ఫోన్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, మధ్యలో మీరు నిలబడి చూస్తూ ఉండాలి. రెండుసార్లు చేస్తే అలవాటైపోతుంది. కానీ స్టేషన్ దగ్గర చేసేది పావు వంతు పనే. మిగతాదంతా బయలుదేరే ముందు రోజు రాత్రి ఇంట్లో కూర్చుని చేసుకోవాలి. నేను ఎక్కువగా తిరిగేది హైదరాబాద్–విజయవాడ హైవే కాబట్టి ఆ దారినే లెక్కలోకి తీసుకుంటున్నాను. మీది కర్నూలు దారైనా, వరంగల్ దారైనా పద్ధతి ఇదే.

ముందు కారు మూత తీసి చూడండి

ఛార్జింగ్ మూత ఎక్కడుందో, ఎలా తెరుచుకుంటుందో ఇంటి దగ్గరే చూసుకోండి. క్రెటా ఎలక్ట్రిక్‌కి, ఎంజీ జెడ్ఎస్‌కి ముందు ముక్కు మీద ఉంటుంది. నెక్సాన్‌కి వెనక పక్కన, పెట్రోలు మూత ఉండే చోట ఉంటుంది. స్టేషన్‌లో కారు ముందుకు పెట్టాలా, రివర్స్‌లో పెట్టాలా అన్నది దీన్నిబట్టే తేలుతుంది.

మూత తీస్తే పైన గుండ్రంగా ఏడు రంధ్రాలు, కింద రెండు పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి. పైదాన్ని టైప్ 2 అంటారు, నెమ్మదిగా ఎక్కే ఏసీ ఛార్జింగ్‌కి (ఇక్కడ ఏసీ అంటే ఇంట్లోకి వచ్చే రకం కరెంటు). పైదీ కిందదీ కలిపి సీసీఎస్2, ఫాస్ట్ ఛార్జింగ్‌కి. మన దేశంలో ఇప్పుడు అమ్ముతున్న కార్లలో దాదాపు అన్నిటికీ ఇదే ఉంది కాబట్టి ఏ గన్ (మెషీన్ కేబుల్ చివర కారుకి పెట్టే పిడి) పడుతుందో అన్న తికమక పెద్దగా లేదు. ఒకవేళ కింద ఆ రెండు పెద్ద రంధ్రాలు లేకపోతే మీ కారుకి ఫాస్ట్ ఛార్జింగ్ లేదన్నమాట. ఎంజీ కామెట్ అలాంటిదే. అది ఊళ్లో తిరగడానికి బంగారం లాంటి కారు, విజయవాడ ప్రయాణానికి మాత్రం దాన్ని తీయకండి.

కొన్ని పాత స్టేషన్లలో జీబీ/టీ అనే ఇంకో రకం గన్ ఉన్న 15 కిలోవాట్ల మెషీన్లు ఇంకా కనిపిస్తాయి. తొలినాళ్లలో ప్రభుత్వ ఆఫీసులకి, ట్యాక్సీలకి తీసుకున్న ఈ-వెరిటో, పాత టిగోర్ లాంటి కార్ల కోసం పెట్టినవి అవి. మీ కారుకి పట్టవు. మ్యాప్‌లో స్టేషన్ కనిపించగానే సంబరపడకుండా, అక్కడ సీసీఎస్2 ఉందా లేదా అని చూసుకోండి.

కిలోవాట్లు, యూనిట్లు

ఈ రెండిటికీ తేడా తెలియకపోతే స్టేషన్‌లో ఏదీ అర్థం కాదు. నీళ్ల లెక్కలో చెప్పుకుందాం. బ్యాటరీ బిందె. అందులో పట్టే నీళ్లు యూనిట్లు, కరెంటు బిల్లులో చూసే యూనిట్లే అవి. కిలోవాట్లంటే కుళాయి ధార. 40 యూనిట్ల బ్యాటరీకి 40 కిలోవాట్ల ధార తగ్గకుండా వస్తే గంటలో నిండాలి.

నిండదు. ఎందుకంటే బిందె అంచుదాకా వస్తుంటే మనం కుళాయి సన్నగా తిప్పుతాం కదా, కారు కూడా అదే చేస్తుంది. 80 శాతం దాటాక బ్యాటరీని కాపాడుకోవడానికి ధార తగ్గించేస్తుంది. 20 నుంచి 80 దాకా అరగంట, నలభై నిమిషాల్లో ఎక్కే కారుకి, 80 నుంచి 100 దాకా ఎక్కడానికి ఇంచుమించు అంతసేపూ పట్టొచ్చు. హైవే మీద 80కి తీసేసి బయలుదేరమని అందరూ అనేది ఇందుకే.

ఇంకోటి. మెషీన్ మీద 120 అనో 240 అనో రాసి ఉంటే ఆ ధార అంతా మీకు రాదు. కారు ఎంత తీసుకోగలిగితే అంతే తీసుకుంటుంది. 50 కిలోవాట్లు మాత్రమే తీసుకోగల కారుని 240 మెషీన్‌కి పెట్టినా 50తోనే ఎక్కుతుంది. పైగా ఒక మెషీన్‌కి రెండు గన్లు ఉంటే, రెండో గన్‌కి ఇంకో కారు తగలగానే ఉన్న కరెంటు ఇద్దరికీ పంచుతుంది. మీ వేగం ఉన్నట్టుండి సగానికి పడిపోతే కారు చెడిపోయిందని కంగారు పడకండి, పక్కకి ఎవరైనా వచ్చారేమో చూడండి.

ముందు రోజు రాత్రి

హైదరాబాద్ నుంచి విజయవాడ 270 కిలోమీటర్లు అటూఇటూ. కంపెనీ చెప్పిన మైలేజీ బ్రోచర్‌లోనే వదిలేయండి. మీ కారు హైవే మీద యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో డ్యాష్‌బోర్డ్ మీదే కనిపిస్తుంది, దాన్ని నమ్మండి. గంటకి 80లో యూనిట్‌కి 8 కిలోమీటర్లు ఇచ్చే కారు, 110లో 6 కూడా ఇవ్వకపోవచ్చు. ఎలక్ట్రిక్ కారుని తినేసేది స్పీడే. మామగారు భయపడే ట్రాఫిక్ జామ్ దీనికి పెద్ద లెక్క కాదు. సంక్రాంతి ముందు పంతంగి టోల్ దగ్గర గంటసేపు ఏసీ వేసుకుని నిలబడినా పోయేది ఒకటి, ఒకటిన్నర యూనిట్.

మన లెక్క 40 యూనిట్ల బ్యాటరీ, యూనిట్‌కి 7 కిలోమీటర్లు అనుకుందాం. నూటికి నూరు నిండితే 280. కాగితం మీద విజయవాడ చేరిపోయినట్టే, కానీ అలా వెళ్లకూడదు. దాదాపు సగం దారిలో సూర్యాపేట వస్తుంది. అక్కడికి చేరేసరికి ఇంకా 50 శాతం దగ్గర్లో ఉంటుంది. చాలామంది "ఇంకా సగం ఉందిగా, కోదాడలో చూద్దాం" అని ముందుకెళ్లిపోతారు. నేను సూర్యాపేటలోనే ఆగుతాను. అక్కడ మెషీన్ పనిచేయకపోతే కోదాడ 45 కిలోమీటర్లే, అక్కడా కుదరకపోతే నందిగామ. బ్యాటరీలో సగం ఉన్నప్పుడు మూడు అవకాశాలు చేతిలో ఉంటాయి. 12 శాతంతో ఏ స్టేషన్‌కి చేరినా ఆ ఒక్క మెషీనే దిక్కు.

అందుకని స్టేషన్లు ఎంచుకునేటప్పుడు ఒకటి కాదు, మూడు రాసుకోండి. ఆగాలనుకున్నది, దాని తర్వాతది, దానికి ముందుది. మొదటిది దెబ్బేస్తే రెండోదానికి చేరాక కూడా 15 శాతం మిగలాలి. ఒక్క మెషీన్ ఉన్న స్టేషన్ కన్నా రెండు మూడు ఉన్న చోటు మేలు, ఐదు నిమిషాలు పక్కకి వెళ్లాల్సి వచ్చినా సరే.

స్టేషన్ ఉందో లేదో మ్యాప్ చెప్తుంది, అది పనిచేస్తోందో లేదో జనం చెప్తారు. ప్లగ్‌షేర్ యాప్‌లో అక్కడ ఛార్జ్ చేసినవాళ్లు తారీఖుతో సహా రాస్తుంటారు. నిన్నో మొన్నో ఎవరైనా ఎక్కించుకుని ఉంటే దాన్ని నమ్మొచ్చు. చివరి మాట మూడు నెలల కిందటిదైతే ఆ స్టేషన్‌ని లెక్కలోంచి తీసేయండి. ఫోన్ నంబరు ఉంటే బయలుదేరే ముందు ఒక్కసారి ఫోన్ చేసి "గన్ పనిచేస్తోందా అండీ" అని అడగడంలో తప్పు లేదు. హోటల్ ఆవరణలో ఉన్న స్టేషన్ అయితే ఆ హోటల్‌కే చేయండి, కౌంటర్ దగ్గరున్నాయన అద్దంలోంచి చూసి చెప్పేస్తాడు.

రోడ్డుకి ఏ వైపు ఉందో కూడా చూసుకోండి. ఇది నేను అనుభవం మీద నేర్చుకున్నదే. మ్యాప్‌లో స్టేషన్ 300 మీటర్ల దూరంలో ఉంది, కళ్లెదురుగా బోర్డు కూడా కనిపిస్తోంది, మధ్యలో డివైడర్. యూ టర్న్ కోసం ముందుకెళ్లి మళ్లీ వెనక్కొచ్చి, ఛార్జ్ అయ్యాక మళ్లీ అదే తిప్పట. ఆ వేళ ఇంట్లోవాళ్లు నాతో మాట్లాడలేదు.

యాప్‌ల గోల

నాకు నచ్చనిది ఈ ఒక్కటే. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్. టాటా పవర్‌కి ఈజెడ్ ఛార్జ్, తర్వాత స్టాటిక్, ఛార్జ్‌జోన్, జియో-బీపీ, బంకుల్లో పెట్టినవాటికి ఆయా ఆయిల్ కంపెనీలవి. అన్నీ వేసుకోనక్కర్లేదు. మీరు రాసుకున్న మూడు స్టేషన్లు ఎవరివో చూసి ఆ యాప్‌లు మాత్రం వేసుకోండి.

వేసుకోవడం అంటే డౌన్‌లోడ్ ఒక్కటే కాదు. ఫోన్ నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టి, కారు వివరాలు పెట్టి, వ్యాలెట్‌లో డబ్బులు వేసేదాకా ఇంట్లోనే అయిపోవాలి. ఎండలో నిలబడి, స్క్రీన్ కనిపించక, నెట్ రాక, ఓటీపీ కోసం ఎదురుచూడటం ఎంత చిరాకో ఒకసారి పడితే గానీ తెలియదు. చాలా యాప్‌లలో వ్యాలెట్‌లో కొంత మొత్తం లేకపోతే ఛార్జింగ్ మొదలే కాదు. ఐదారు వందలు వేసి ఉంచండి, మరీ ఎక్కువ వద్దు, ఆ యాప్ మళ్లీ ఎప్పుడు వాడతారో తెలియదు కదా. ఆర్ఎఫ్ఐడీ కార్డు, అంటే మెషీన్‌కి తాకిస్తే ఛార్జింగ్ మొదలయ్యే కార్డు ఇచ్చే కంపెనీ అయితే తీసుకోండి. నెట్ లేని చోట అదే ఆదుకుంటుంది.

స్టేషన్‌కి చేరాక

లోపలికి రాగానే గన్ కోసం పరుగెత్తకండి. మెషీన్ స్క్రీన్ వెలుగుతోందా, లైటు ఎర్రగా ఉందా చూడండి. ఎవరైనా ముందే వచ్చి ఆగి ఉంటే వాళ్లని అడిగి వరుస తెలుసుకోండి. ఆ తర్వాత:

1. గన్ కేబుల్ కారు మూత దాకా సాగదీయకుండా వచ్చేలా కారు పెట్టండి. పక్క గన్‌కి ఇంకో కారు పట్టేలా గీతల మధ్యే ఉండండి. పార్క్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, కారు ఆఫ్ చేయండి.

2. గన్ చేతిలోకి తీసుకుని పిన్నుల వైపు చూడండి. ప్లాస్టిక్ కరిగినట్టో, మాడినట్టో ఉంటే అది మీకొద్దు. నీళ్లున్నా, మట్టి ఉన్నా దులిపి ఆరాకే పెట్టాలి. లోపల వేలు పెట్టి తుడవడం లాంటివి చేయకండి.

3. కారుకి ఉన్న మూతలు రెండూ తెరవండి, పైదీ కిందదీ. గన్‌ని తిన్నగా పట్టుకుని టక్కున శబ్దం వచ్చేదాకా లోపలికి నొక్కండి.

4. యాప్‌లో మెషీన్ మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. రెండు గన్లుంటే మీది ఏదో చూసి ఎంచుకోండి. మీ డబ్బుతో పక్కవాళ్ల గన్ స్టార్ట్ చేయడానికి ప్రయత్నించి, రావట్లేదని తిట్టుకునేవాళ్లని చూశాను. ఎంత మొత్తానికి, లేదా ఎన్ని యూనిట్లకి అని అడిగితే కొంచెం ఎక్కువే పెట్టండి, మధ్యలో మీరే ఆపుకోవచ్చు.

5. స్టార్ట్ కొట్టి ఒక నిమిషం ఓపిక పట్టండి.

ఆ ఒక్క నిమిషంలోనే కొత్తవాళ్లు కంగారు పడిపోయి గన్ లాగేస్తారు. ఆ టైములో కారూ మెషీనూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. కరెంటు ఎక్కడైనా లీకవుతోందేమో మెషీన్ పరీక్ష చేస్తుంది. కారు లోపల నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తుంది, గన్‌ని కారు తాళం వేసి పట్టుకుంటుంది, ఆ తర్వాత మెషీన్ ఫ్యాన్లు గుయ్యిమని లేస్తాయి. కారు దగ్గర లైటు రంగు మారి మిణుక్కుమంటుంది. అప్పుడు ఎక్కుతున్నట్టు.

అక్కడి నుంచి వెంటనే టిఫిన్‌కి పోవద్దు. రెండు నిమిషాలు ఆగి యాప్‌లోనో స్క్రీన్ మీదో ఎన్ని కిలోవాట్లు వస్తున్నాయో చూడండి. మొదట తక్కువతో మొదలై పైకి పోతుంది. రెండు నిమిషాల తర్వాత కూడా 8, 10 దగ్గరే కొట్టుకుంటుంటే గన్ మార్చాలి, లేకపోతే స్టేషనే మార్చాలి. మే నెల మధ్యాహ్నం 250 కిలోమీటర్లు తోలుకుని వచ్చి పెడితే మాత్రం కొంచెం నెమ్మదిగానే ఎక్కుతుంది. బ్యాటరీ వేడి మీదుంటుంది, కారు ముందు దాన్ని చల్లబరుచుకుంటుంది.

మొదలు కాకపోతే

మొదటిసారి నాకు మొదలు కాలేదు. గన్ పెట్టాను, యాప్‌లో "ప్రిపేరింగ్" అని వచ్చి అక్కడే ఆగింది. తీసి పెట్టాను, మళ్లీ అదే. మూడోసారి కూడా కాకపోయేసరికి వాచ్‌మన్ లేచి వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా కేబుల్‌ని గన్‌కి జానెడు దూరంలో రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "ఇప్పుడు కొట్టండి సార్" అన్నాడు. స్టార్ట్ కొట్టాను, ఎక్కింది. ఆ కేబుల్ బరువుకి గన్ కిందికి వాలి పిన్నులు సరిగా ఆనడం లేదు. ఒకసారి తాళం పడ్డాక వదిలేసినా ఏమీ కాదు. అప్పటి నుంచి లావు కేబుల్ ఉన్న ప్రతి చోటా ఎడమ చేత్తో గన్ ఎత్తిపట్టే స్టార్ట్ కొడుతున్నాను.

అది పనిచేయకపోతే ఈ వరుసలో వెళ్లండి. కారు లాక్ చేసి అన్‌లాక్ చేసి మళ్లీ పెట్టండి. కొన్ని కార్లు అన్‌లాక్‌లో ఉంటే గానీ గన్‌ని ఒప్పుకోవు. కొన్ని మెషీన్లలో ముందు యాప్‌లో స్టార్ట్ కొట్టి ఆ తర్వాత గన్ పెట్టాలి, ఆ తిరుగుడు కూడా ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే రెండో గన్. మెషీన్ మీదున్న ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఎవరైనా నొక్కి వదిలేశారేమో చూడండి, పిల్లలు నొక్కేస్తుంటారు. అది నొక్కి ఉన్నంతసేపూ మెషీన్ చచ్చినట్టే. అలా ఉంటే మీరే తిప్పేయకుండా కస్టమర్ కేర్‌కి చెప్పండి, నిజంగానే ఏదో జరిగి నొక్కారేమో మనకి తెలియదు కదా.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మెషీన్ నంబరు అడుగుతారు, క్యూఆర్ కోడ్ కింద ఉంటుంది. వాళ్లు దూరం నుంచే మెషీన్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయగలరు, మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. చాలా సమస్యలు దాంతోనే పోతాయి. పోకపోతే అక్కడే గంట పోగొట్టుకోకండి, రెండో స్టేషన్‌కి కదలండి. సగం బ్యాటరీతో రమ్మన్నది ఇందుకే.

ఛార్జింగ్ మొదలు కాకుండానే వ్యాలెట్‌లో డబ్బులు పట్టేసుకుంటే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. సాధారణంగా తిరిగి వేస్తారు, అడిగితే త్వరగా వేస్తారు.

ఎక్కుతున్నంతసేపూ

కారులో కూర్చోవచ్చు, ఏసీ వేసుకోవచ్చు. ఎక్కే కరెంటులో కొంచెం ఏసీకి పోతుంది, అంతే. నేనైతే దిగి నడుస్తాను. అరగంటలో దోశ, టీ అయిపోతాయి, పిల్లలకి బాత్రూం అయిపోతుంది. ఎలాగూ ఎక్కడో ఒకచోట దీనికి ఆగేవాళ్లమే.

వాన పడుతుంటే ఛార్జ్ చేయొచ్చా అని అందరూ అడుగుతారు. చేయొచ్చు. కారూ మెషీనూ ఒప్పందానికి వచ్చేదాకా గన్ పిన్నుల్లో ఆ పెద్ద కరెంటు ఉండదు. నీళ్లు పిన్నుల్లోకి పోకుండా గన్ తల కిందికి వంచి పట్టుకుని తీసుకెళ్లండి. మెషీన్ అడుగున నీళ్లు నిలిచి ఉంటే మాత్రం దగ్గరికి పోవద్దు.

మీ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి అద్దం దగ్గర పెట్టి వెళ్లండి. వెనకవాళ్లు వస్తే ఫోన్ చేస్తారు. పండగ రోజుల్లో వెనక ఇద్దరు ఆగి ఉండగా 100 దాకా ఎక్కించుకోవడం న్యాయం కాదు. మీకు 80తో విజయవాడ వచ్చేస్తుంది, వెనకాయన దగ్గర 9 శాతమే ఉందేమో. అలాగని ఎవరి గన్‌నీ వాళ్లు లేనప్పుడు లాగేయకండి. ఛార్జింగ్ అయిపోయి కారు వదిలేసి పోయినవాళ్లని కూడా ముందు ఫోన్‌లో పిలవండి. కొన్ని కంపెనీలు అలా వదిలేసిన కారుకి నిమిషాల లెక్కన జరిమానా వేస్తాయి, అది చెప్తే ఎవరైనా పరుగెత్తుకొస్తారు.

ఛార్జింగ్ స్థలంలో పెట్రోలు కారు పెట్టేసి భోజనానికి పోయినవాళ్లు ఎదురవుతారు. తెలియక పెట్టినవాళ్లే ఎక్కువ. గొడవ కన్నా హోటల్ వాళ్ల చేత మైకులో నంబరు చెప్పించడం తొందరగా పనిచేస్తుంది.

తీసేటప్పుడు

ముందు యాప్‌లో స్టాప్ కొట్టండి. ఫ్యాన్ల చప్పుడు తగ్గాక, కారు అన్‌లాక్ చేసి, గన్ మీద బటన్ ఉంటే నొక్కి తిన్నగా లాగండి. రాకపోతే బలం చూపించకండి. గన్‌ని ఒకసారి లోపలికి నొక్కి, కారు లాక్–అన్‌లాక్ చేసి మళ్లీ లాగితే వస్తుంది. అప్పటికీ రాకపోతే చాలా కార్లలో చేత్తో తాళం విడిపించే చిన్న తీగ ఒకటి ఉంటుంది. ఎక్కడుందో మీ కారు పుస్తకంలో చూసి పెట్టుకోండి. ఎర్ర బటన్ నొక్కి ఆపడం మాత్రం వద్దు, అది పొగో మంటో కనిపించినప్పుడు నొక్కేది.

గన్‌ని మళ్లీ దాని గూట్లో పెట్టండి. కింద పడేసి పోతే దాని మీద నుంచి ఎవరో కారు ఎక్కిస్తారు, మీరు తిరిగొచ్చేటప్పటికి ఆ మెషీన్ ఉండదు.

బిల్లు లెక్క ఇలా ఉంటుంది. 22 నుంచి 80 శాతం దాకా ఎక్కించారనుకోండి. 40 యూనిట్ల బ్యాటరీలో అది 23 యూనిట్ల పైన. యూనిట్ 20 రూపాయలైతే 464, దాని మీద 18 శాతం జీఎస్టీతో 547 దాకా అవుతుంది. రేటు జీఎస్టీ కలిపి చూపిస్తున్నారా, విడిగానా అన్నది స్టార్ట్ కొట్టే ముందే చూసుకోండి. తక్కువ రేటనుకున్నది చాలాసార్లు అక్కడే తిరగబడుతుంది. పగలు ఒక రేటు, సాయంత్రం ఒక రేటు తీసుకునేచోట్లూ ఉన్నాయి. ఇంట్లో ఎక్కించుకునేదానికి ఇది రెండింతలు, మూడింతలు ఉంటుంది కాబట్టి ఊరు చేరడానికి ఎంత కావాలో అంతే ఇక్కడ ఎక్కించి, మిగతాది అత్తారింట్లో నిదానంగా నింపుకోండి. అక్కడ 15 ఆంప్స్ సాకెట్, మంచి ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు వాడొద్దు, రాత్రంతా అంత కరెంటు లాగితే అవి కరిగిపోతాయి. ఎర్తింగ్ సరిగా లేకపోతే కారుతో ఇచ్చిన ఛార్జరే ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. దాన్ని ఎలాగోలా మోసం చేసే చిట్కాలు చెప్పేవాళ్లు ఉంటారు, వినొద్దు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

సిటీలో మాల్స్‌లో, ఆఫీసుల్లో కనిపించే చిన్న స్తంభాలు వేరు. అవి ఏసీ ఛార్జర్లు, ఎక్కువగా 7.4 కిలోవాట్లవి. వాటిలో కొన్నిటికి కేబుల్ ఉండదు, సాకెట్ ఒక్కటే ఉంటుంది, టైప్ 2 కేబుల్ మీరే తెచ్చుకోవాలి. మీ కారు లోపలి ఛార్జర్ 3.3 కిలోవాట్లదైతే స్తంభం ఎంతదైనా 3.3తోనే ఎక్కుతుంది. షాపింగ్ చేసుకుని వచ్చేలోపు ఏడెనిమిది యూనిట్లు, అంటే ఊళ్లో రెండు రోజుల తిరుగుడు. దానికి ఆశపడి హైవే ప్రయాణం మధ్యలో మాల్‌కి పోవద్దు.

చివరగా ఒక చిన్న పని. బయలుదేరే ముందు కారు చుట్టూ ఒకసారి నడిచి, ఛార్జింగ్ మూత వేశారో లేదో చూసుకోండి. నేను ఒకసారి మూత తెరిచే చిల్లకల్లు టోల్ దాకా వెళ్లాను. పక్క లైన్‌లో లారీ డ్రైవర్ హారన్ కొట్టి, వెనక్కి చెయ్యి చూపించి, "డీజిల్ మూత వేసుకో అన్నా" అన్నాడు.